సఖ్యమునకు ఏకాభిప్రాయము షరతా?

2023 అక్టోబరు 14వ తేదీన ఆస్ట్రేలియా దేశపు ఓటర్లు తమ రాజ్యాంగమునకు ఒక ప్రకరణమును చేర్చుటయా, మానుటయా అను ప్రశ్నకు సమాధానము చెప్పిరి. ఆ దేశపు ఆదివాసులకును టారస్ జలసంధి ద్వీపవాసులకును ఒక ప్రాతినిధ్యసభ యుండవలెనని ఆ ప్రకరణము చెప్పుచుండెను. తమవారికి సంబంధించిన విషయములలో ఆ సభ పార్లమెంటునకును ప్రభుత్వమునకును విన్నపములు చేసికొనవచ్చును. అంతకుమించి దానికి మరి యే యధికారమును లేదు. శాసనము చేయజాలదు, చేసిన శాసనమును ఆపజాలదు. దాని సభ్యులెందరు, వారి నెట్లు ఎన్నుకొనవలయును, వారి పని యెట్లు జరుగవలయును అను విషయములన్నియు పార్లమెంటు చేతిలోనే యుంచబడినవి. దీనికి ఆ దేశమున 'వాణి' యని పేరు పెట్టిరి. నూటికి అరువదిమంది ఈ వాణి వలదనిరి. ఆరు రాష్ట్రములలో నొక్కటియైన ఔననలేదు. రాజధానియగు కాన్‌బెర్రా నగరపు ప్రాంతము మాత్రమే ఔననినది.

ఆ ఓటింగు ముగిసిపోయిన సంగతియే. అయినను దానిని గూర్చి నేడు వ్రాయుట అవసరమని తలంచుచున్నాము. ఏలయన, వలదన్నవారు చెప్పిన కారణములలో ఒకటి ఆస్ట్రేలియాకు మాత్రమే చెందినది కాదు. "ఆదివాసులలో వారికే ఏకాభిప్రాయము లేదు, వారి నాయకులే కొందరు వలదనుచున్నారు, ఇక మేమేల ఔనవలయును?" అని వారనిరి. ఈ వాదము మన చెవులకు క్రొత్తది కాదు. మన తాతలు దీనిని విని విని విసిగియుండిరి. ఆ సంగతికి ముందు చెప్పవలసినవి కొన్ని కలవు.

మొదట 'సఖ్యము' అను మాట. ఆంగ్లమున వాడుచున్న మాటకు, చెడిన స్నేహమును మరల కూర్చుట యని భావము. చెడుటకు ముందు స్నేహమెప్పుడు ఉండెనని ఆదివాసులలో పెక్కురు అడుగుచున్నారు. అది న్యాయమైన ప్రశ్న. 1788 జనవరి 26వ తేదీన బ్రిటిషు ఓడలు సిడ్నీ రేవున లంగరు వేసిన నాటినుండి ప్రభుత్వము వారి భూమిని కొన్నది లేదు, అడిగి పుచ్చుకొన్నది లేదు. ఆ భూమి యెవరిదియు కాదను భావనపై సర్వమును స్వాధీనము చేసికొనినది. న్యూజిలాండులో అదే బ్రిటిషువారు 1840లో మావోరీ నాయకులతో ఒడంబడిక చేసికొనిరి. కెనడాలో పెక్కు ఒడంబడికలు చేసికొనిరి. అవి పాటించిరా లేదా యనునది వేరు సంగతి. ఆస్ట్రేలియాలో పాటించుటకైనను భంగపరచుటకైనను ఒక ఒడంబడికయే లేకపోయెను. ఎవరిదియు కాని భూమి యను సిద్ధాంతము చెల్లదని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పుటకు 1992 జూన్ 3వ తేదీ వరకు, అనగా 204 సంవత్సరములు, పట్టినది. ఆ వ్యాజ్యమునకు తన పేరిచ్చిన ఎడ్డీ మాబో తీర్పునకు కొద్ది నెలల ముందే కన్నుమూసెను.

మన భాషలో ఈ సందర్భమునకు మూడు మాటలు వాడవచ్చును. రాజీ యనిన, ఇరుపక్షములును కొంతకొంత విడుచుకొని వ్యాజ్యమును చాలించుట. సంధి యనిన, రెండు రాజ్యములు సమానముగ కూర్చుండి షరతులు వ్రాసికొనుట. సమాధానపరచుట యనిన, నొచ్చుకొన్నవానిని నాలుగు మంచి మాటలతో ఓదార్చుట. ఆస్ట్రేలియాలో అందరును ఒకే మాటను ఉచ్చరించుచు ఈ మూడింటిలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి తలంచుచున్నారు. వారి వివాదములో సగము దీనినుండియే పుట్టినది.

ఈ మాట రాజకీయములోనికి వచ్చిన తీరును గమనింపదగును. 1988లో ఉత్తర ప్రాంతమందలి బరుంగా గ్రామమున ఆదివాసులు తమ కోరికల పత్రమును ప్రధానమంత్రి బాబ్ హాక్ చేతికిచ్చిరి. ఆయన ఒడంబడిక చేసికొందుమని మాట యిచ్చెను. ఆ మాట నెరవేరలేదు. 1991లో పార్లమెంటు సర్వపక్షముల సమ్మతితో ఆదివాసి సఖ్యమండలిని పదేండ్లకు ఏర్పరచినది. అదే సంవత్సరమున, నిర్బంధములో మరణించిన 99 మంది ఆదివాసులను గూర్చి విచారించిన రాజవిచారణ సంఘము తన నివేదికనిచ్చి 339 సిఫారసులు చేసెను; వానిలో చిట్టచివరిది సఖ్యమును గూర్చినది. ఒడంబడిక అడిగినవారికి సఖ్యము చేతికిచ్చిరని కొందరి ఫిర్యాదు. మండలికి 1997 వరకు అధ్యక్షుడుగ నుండిన యావురు జాతీయుడు పాట్రిక్ డాడ్సన్ వంటి పెద్దలు దానినే ఒడంబడికకు దారిగ మలచుటకు శ్రమించిరి. రెండు అభిప్రాయములును నిజాయితీగలవే. 2000 మే 28వ తేదీన సిడ్నీ వంతెనపై రెండు లక్షలకు పైగా జనము నడచి సఖ్యమును కోరుటయు నిజమే. వంతెన దాటిన పిమ్మట ఎచ్చటికి నడువవలయునో మాత్రము ఎవరును నిర్ణయింపలేదు.

2008 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. తల్లిదండ్రుల యొడినుండి ప్రభుత్వోద్యోగులు లాగికొనిపోయిన బిడ్డలకు చెప్పిన క్షమాపణ యది. 1910 మొదలు 1970 వరకు ఆదివాసి శిశువులలో ముగ్గురిలో నొకరు మొదలు పదుగురిలో నొకరు వరకు ఇట్లు వేరుచేయబడిరని 1997 నాటి విచారణ నివేదిక తెలిపియుండెను. ఆ సంఖ్యను ఇంతకంటె నిశ్చయముగ చెప్పలేకపోవుటయే ఆ కాలపు రికార్డుల స్థితికి సాక్ష్యము. ప్రధాని క్షమాపణ వినుటకు వచ్చిన వృద్ధులు సభామందిరమున కంటతడి పెట్టిరి. ఆ కన్నీటిని మేము తక్కువ చేయము. అయితే ఆ ప్రభుత్వము నష్టపరిహారము మాత్రము ఇయ్యమని చెప్పినది. తన నేరుపాలనలోని ప్రాంతములలో వేరుచేయబడినవారికి 75,000 డాలర్లును, మనోవ్యథ నివారణకు మరి 7,000 డాలర్లును ఇచ్చుటకు కేంద్రప్రభుత్వము పథకము ప్రకటించునప్పటికి 2021 వచ్చెను. పదమూడేండ్లలో ఎందరు వృద్ధులు గతించియుందురో పాఠకులే ఊహింతురు గాక. క్షమాపణతో మనసు కుదుటపడినదనువారును, పరిహారము లేని క్షమాపణ యొట్టి మాటయనువారును ఒకే ఇంట నుండిరనిన ఆశ్చర్యములేదు. వారి దుఃఖమొక్కటే యైనను, దానికి ఏది చాలును అను తూకము మాత్రము మనిషికొక తీరుగ నుండును.

వాణి కోరిక 2023లో పుట్టినది కాదు. యోర్టా యోర్టా జాతికి చెందిన విలియం కూపరు అను పెద్దమనిషి 1930వ దశకమున ఊరూర తిరిగి 1,800 పైచిలుకు సంతకములు సేకరించి ఐదవ జార్జి చక్రవర్తికి అర్జీ సిద్ధపరచెను. తమవారి పక్షమున పార్లమెంటులో మాటలాడుటకు ఒక సభ్యుడు కావలెనని అందు కోరెను. ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆ అర్జీని చక్రవర్తికి పంపుటకే నిరాకరించెను. 1938 జనవరి 26న, దేశమంతయు వలస స్థాపనకు 150 ఏండ్ల పండుగ చేసికొనుచుండగా, కూపరును ఆయన సహచరులును సిడ్నీలో సంతాపదినము జరిపిరి. దేశపు జనాభా లెక్కలలో ఆదివాసులను చేర్చరాదను రాజ్యాంగ ప్రకరణము 1967 వరకు చెల్లుచుండెను. ఆ సంవత్సరమున నూటికి తొంబదిమందికి పైగా ఓటర్లు దానిని తీసివేయుటకు ఔననిరి. లెక్కలో చేర్చుటకు తొంబదిమంది ఔనన్న దేశము, లెక్కలో చేరినవారు మాటలాడుటకు నలుబదిమందికి మించి ఔననలేదు. ఈ రెంటి నడుమ 56 సంవత్సరములు గడచినవి.

ఇక 2017 సంగతి. దేశమున పండ్రెండు చోట్ల ఆదివాసుల సంప్రదింపులు జరిగిన పిదప, ఆ మేలో ఎర్రని ఉలురు శిలాపర్వతము చెంత దాదాపు 250 మంది ప్రతినిధులు కూడి 'హృదయ ప్రకటన'ను వెలువరించిరి. మొదట వాణి, ఆ పిమ్మట ఒడంబడికయు సత్యకథనమును జరిపించు మకర్రాటా సంఘము. ఇది వారి క్రమము. మకర్రాటా యనునది యోల్ఙు భాషలోని మాట. కలహము ముగిసిన పిమ్మట ఇరుపక్షములును కలిసికొనుట యని భావము. ఆ సభలోనే కొద్దిమంది ఈ క్రమము నొప్పక లేచిపోయిరి. ఆ లేచిపోయిన కొద్దిమందిని ఆరేండ్ల తరువాత ప్రత్యర్థులు ఎంత ఘనముగ వాడుకొనిరో చెప్పనక్కరలేదు.

వాణి పక్షమున ముందు నిలచినవారిలో కేప్ యార్క్ ప్రాంతపు నోయెల్ పియర్సన్ ముఖ్యుడు. పార్లమెంటు సార్వభౌమత్వమును తాకకుండ, సంప్రదాయవాదులకును సమ్మతమగునట్లు, స్వల్పమైన కోరికను రూపొందింపవలెనని ఆయన ఏండ్ల తరబడి ప్రయత్నించెను. ఆయన దృష్టిలో సఖ్యము రాజీ. పెద్ద కోరికను విడిచి చిన్న కోరికను పట్టుకొనుటలో ఆయన తనవారినుండి మాటపడెను. ఎదుటివారు చిన్న కోరికను కూడ నిరాకరించినప్పుడు ఆయన నష్టము రెట్టింపైనది. ఓటింగు నాటి రాత్రియే పండితురాలు మార్సియా లాంగ్టన్ సఖ్యము మరణించినదనెను. వాణి నాయకులు వారము దినములు మౌనము పాటించిరి.

విక్టోరియా రాష్ట్రపు సెనేటరు లిడియా థార్ప్ 2017లో ఉలురునుండి లేచిపోయినవారిలో నొకతె. ఆమె వాదము దీనికి పూర్తిగ వేరు. ఆదివాసులు తమ సార్వభౌమత్వమును ఎన్నడును అప్పగింపలేదు. కావున మొదట సంధి జరుగవలయును. అధికారము లేని సలహాసభను అంగీకరించుట ఆక్రమించినవాని రాజ్యాంగమునకు తలయొగ్గుట యగును. ఈ కారణముచే ఆమె వలదనెను. 2024 అక్టోబరులో చార్లెస్ రాజు ఆ దేశపు పార్లమెంటునకు వచ్చినప్పుడు ఆమె ఎదుట నిలిచి నీవు మా రాజువు కావని కేకవేసిన సంగతి పత్రికల ద్వారా అందరును ఎరిగినదే.

ఉత్తర ప్రాంతపు సెనేటరు జసింటా నంపిజిన్పా ప్రైస్ వార్ల్‌పిరి తల్లికి పుట్టినది. ఆమెయు వలదనెను, థార్పునకు నేరుగా వ్యతిరేకమైన కారణముచే. జాతినిబట్టి పౌరులను విభజింపరాదనియు, అవసరమునుబట్టి సాయము చేయవలెననియు, వలసపాలన దుష్ఫలితములు నేడు కొనసాగుచున్నవనుట సత్యము కాదనియు ఆమె చెప్పెను. ఆలిస్ స్ప్రింగ్స్ పరిసరములలోని వాడలలో స్త్రీలును బిడ్డలును పడుచున్న హింసను గూర్చి ఆమె చెప్పునది విని తోసివేయదగినది కాదు. బుండ్జలుంగ్ జాతీయుడు వారెన్ ముండైన్ కూడ వాణిని ఎదిరించెను; కాని ఒడంబడికలను ఆయన కాదనలేదు. చూడుడు: వలదన్న ముగ్గురిలో ఒకరికి ఈ కోరిక మిక్కిలి చిన్నది, ఒకరికి మిక్కిలి పెద్దది, ఒకరికి వేరు దారి ఇష్టము. ఓటు లెక్కించువాని చేతిలో మూడును ఒక్కటే కాగితమైపోయినవి.

ఆదివాసులు అధికముగ నివసించు మారుమూల కేంద్రములలో పెక్కింట ఔనన్నవారే యధికులు. తివి ద్వీపములలోను, వడేయే గ్రామమునను ఔననిన ఓట్లు మిక్కిలి హెచ్చు. ఈ సంగతి అంతగ ప్రచారమునకు రాలేదు. నూటికి నలుగురుకూడ లేని జనమునకు మాటలాడు హక్కును గూర్చి మిగిలిన తొంబదియార్గురు తీర్పు చెప్పిన ఓటింగు ఇది. "తెలియనిచో వలదనుము" అను నినాదము ఆ తొంబదియార్గురికి మిక్కిలి సుఖముగ నుండెను. పొరుగింటివాని కష్టము తెలిసికొనవలసిన శ్రమనుండి మనిషిని విముక్తుని చేయు నినాదమునకు ఎప్పుడును ఆదరము గలదు.

మేము పైన చెప్పిన సంగతికి ఇప్పుడు వత్తుము. 1925లో ఇండియా మంత్రియగు బర్కెన్‌హెడ్ ప్రభువు, భారతీయులకు చేతనైనచో తమలో అందరికిని సమ్మతమగు రాజ్యాంగమును తయారుచేసి చూపవలెనని సవాలు చేసెను. 1927లో సైమన్ సంఘమును నియమించుచు మరల అదే మాటయనెను. భారతదేశపు భవిష్యత్తును విచారించు ఆ సంఘమున ఏడుగురు సభ్యులుండగా అందు భారతీయుడొక్కడును లేడు. సవాలునకు జవాబుగ 1928 ఆగస్టులో మోతీలాల్ నెహ్రూ సంఘపు నివేదిక వెలువడెను. ఆ డిసెంబరులో కలకత్తా సర్వపక్షసమావేశమున భేదములు పొడసూపినంతనే, చూచితిరా యని పాలకులు సంతోషించిరి. 1940 ఆగస్టు ప్రకటనలోను అదే పల్లవి: ముఖ్యవర్గములు ఒప్పుకొనని ప్రభుత్వమునకు అధికారము నప్పగింపజాలమని. మనలో భేదములు లేవని మేము చెప్పము. అవి యెంత లోతైనవో 1947లో రక్తముతో తెలిసినది. కాని ఆ భేదములవలన బ్రిటిషువాని పాలన న్యాయమైనది కాలేదు. దేశము మనది యగుటకు మనమందరము ఒకే మాటపై నుండుట షరతు కాదు. గాంధీగారికిని అంబేద్కరుగారికిని, కాంగ్రెసునకును జస్టిసు పార్టీకిని నడుమ నుండిన వాదములు మన జాతి సజీవముగ నుండెననుటకు సాక్ష్యములే గాని, మనకు నోరుండరాదనుటకు కారణములు కావు.

లండనులో పార్లమెంటు సభ్యులు రెండు పక్షములుగ విడిపోయి ఒకరినొకరు దూషించుకొనిన దానికి ప్రజాస్వామ్యమని పేరు. ఆదివాసులు ఇద్దరు భిన్నముగ మాటలాడిన దానికి అనైక్యత యని పేరు. ఈ రెండు కొలతలు ఎవరిచేతనున్నవో వారికే లాభము. ఒక జాతిని మనుష్యులుగ నెంచినచో వారిలో పియర్సన్‌లును, థార్పులును, ప్రైసులును ఉందురని ముందే అంగీకరింపవలయును. అందరును ఒక్కగొంతుతో పలుకవలెనని కోరుట, వారిని మనుష్యులుగ కాక ఒక మందగ చూచుటయే.

ఇట్లనుటచే ఆ మూడు అభిప్రాయములును సమానమైనవని మేము చెప్పుట లేదు. వలసపాలన దుష్ఫలితములు నేడు లేవనుట అంకెల యెదుట నిలువదు. 2020-22 సంవత్సరముల లెక్కలనుబట్టి ఆదివాసి పురుషుని ఆయుఃప్రమాణము 71.9 ఏండ్లు, స్త్రీది 75.6 ఏండ్లు, తక్కినవారికంటె పురుషులు 8.8 ఏండ్లును, స్త్రీలు 8.1 ఏండ్లును తక్కువగ బ్రతుకుచున్నారు. జనాభాలో నూటికి నలుగురు లేనివారు, చెరసాలలలోని వయోజన ఖైదీలలో మూడవవంతుకు మించియున్నారు. 1991 నాటి 339 సిఫారసుల తరువాత నిర్బంధములో మరణించిన ఆదివాసులు అయిదువందలకు పైబడిరి. ఇది కేవలము అవసరమునుబట్టి చేయు సాయముతో తీరునదైనచో ఈపాటికే తీరవలసియుండెను. థార్పు శంకకు మేము ఎక్కువ విలువనిత్తుము. అధికారము లేని సలహాసభ అలంకారమైపోవునను భయము ఊహ కాదు. దానికి ఉదాహరణము మన దేశముననే కలదు.

భారత రాజ్యాంగపు అయిదవ షెడ్యూలులో గిరిజన సలహామండలి యున్నది. ఆస్ట్రేలియన్లు 2023లో వలదన్న దానివంటిది మన రాజ్యాంగమున 1950 నుండియు కలదు. షెడ్యూల్డు ప్రాంతములున్న ప్రతి రాష్ట్రమునను ఇరువదిమందికి మించని మండలి. అందు నాలుగింట మూడువంతులు సాధ్యమైనంతవరకు శాసనసభలోని గిరిజన ప్రతినిధులే. షెడ్యూల్డు ప్రాంతములకు రెగ్యులేషను చేయుటకు ముందు గవర్నరు ఈ మండలిని సంప్రదింపవలయును. వినుటకు బాగుగనున్నది. కాని మండలి తనంత తాను నోరు విప్పునట్లు అందు వ్రాయలేదు. గవర్నరు నివేదించిన విషయములపైన మాత్రమే సలహా చెప్పవలయును. అడిగిననే పలుకవలసిన నోరది. గోదావరి యొడ్డున పోలవరము కట్టుటకై కోయలును కొండరెడ్లును తరతరముల ఊళ్లు విడిచినప్పుడు ఈ సలహామండలి పేరు మన పాఠకులలో ఎందరు వినియుందురు? ఆస్ట్రేలియావారికి నీతి చెప్పు నర్హత మనకుగలదని మేము అనుకొనుటలేదు. వాణి యుండుట చాలదని చెప్పు అనుభవము మాత్రము మనకు కలదు. అయినను దానినుండి థార్పు తీసిన ముగింపును మేము తీయము. మండలి బలహీనమైనచో బలపరచుమని కోరుటకు ఆధారమైన అక్షరములు రాజ్యాంగమున నున్నవి. 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీంకోర్టు బొర్రా ప్రాంతపు గనుల లీజులను కొట్టివేయగలుగుటకు ఆ అయిదవ షెడ్యూలు అక్షరములే ఆధారమైనవి. వ్రాతలో లేని హక్కును కోర్టు వెదకిపట్టుట కష్టము.

ఆస్ట్రేలియాలో నున్న తెలుగువారితో కూడ ఒక మాట చెప్పవలసియున్నది. ఇప్పుడు వారు పదులవేల సంఖ్యలో నున్నారు. పౌరసత్వము పొందినవారికి అక్కడ ఓటు వేయుట నిర్బంధము. "ఈ పాపము మేము చేసినది కాదు, మేము నిన్న మొన్న వచ్చినవారము, మమ్మును ఇందులోనికి లాగుటేల?" అనుట సహజమే. బిడ్డలను లాగికొనినది మనవారు కారు. నిజమే. 1901 నాటి వలస నిషేధ శాసనము మనవంటివారిని సైతము గుమ్మములోనికి రానీయలేదు. వచ్చిన రంగువానికి తెలియని ఐరోపా భాషలో శ్రుతలేఖన పరీక్ష పెట్టి వెనుకకు పంపుటకు అది వీలు కల్పించెను. శ్వేతజాతి విధానము 1973 నాటికి గాని పూర్తిగ తొలగలేదు. ఇట్లు ఒకే తలుపునకు ఇవతల నిలిచినవారు, తలుపు తెరచినంతనే లోనికి పోయి, లోపలివాని పాతలెక్కతో మాకు పనిలేదనుట యెంతవరకు తగును? ఆస్తిలో భాగము పొందినవాడు అప్పులో భాగము లేదనలేడు. మెల్బోర్న్ పడమటి పేటలలో మనవారు ఇండ్లు కట్టుకొనిన నేల కులిన్ జాతుల నేల. సభారంభమున ఆ జాతులను స్మరించు ఆచారము అక్కడ కలదు. 2025 ఏప్రిల్‌లో మెల్బోర్న్ నగరమున యుద్ధవీరుల సంస్మరణ ప్రాతఃసభలో ఆ స్వాగతవచనము చెప్పుచున్న పెద్దను కొందరు గేలిచేసిరి. మన సంఘముల ఉగాది సభలలో ఆ నాలుగు వాక్యములు చదువునప్పుడు అర్థము తెలిసి చదువుట మంచిది.

అర్థము తెలియుటకు ఆ నేలకథయే చాలును. 1835లో జాన్ బాట్‌మన్ అనువాడు కులిన్ పెద్దలతో పత్రము వ్రాయించుకొని, దుప్పట్లు, కత్తులు, గొడ్డండ్రు, అద్దములు, పిండి ఇచ్చి దాదాపు ఆరు లక్షల ఎకరములు పుచ్చుకొంటినని ప్రకటించెను. ఆ బేరము మోసమే యనవచ్చును. గవర్నరు బోర్క్ దానిని రద్దుచేసెను. మోసమని కాదు, భూమి చక్రవర్తిది, ఆదివాసులకు ఇచ్చు నధికారమే లేదని. 190 ఏండ్ల తరువాత, 2025లో, అదే మెల్బోర్న్ నగరమున విక్టోరియా పార్లమెంటు ఆదివాసులతో ఒడంబడికను శాసనముగ ఆమోదించినది. ఆస్ట్రేలియాలో ఇట్టిది ఇదియే మొదటిది. 2019లో ఓట్లతో ఎన్నుకొనబడిన ఆదివాసి ప్రతినిధిసభ ఏండ్లకొలది కూర్చుండి మాటలాడినందున ఇది సాధ్యమైనది. మొదట వాణియా, మొదట సంధియా యను కలహమునకు అక్కడ కొంతవరకు సమాధానము దొరకినది. సంధి షరతులు మాటలాడుటకు ముందు నోరొకటి కావలసివచ్చెను. ఆ ప్రతినిధిసభను అంగీకరింపని ఆదివాసులు విక్టోరియాలోను కలరు. ఉందురు. క్వీన్స్‌లాండు రాష్ట్రములో ఒడంబడికకు దారితీయు శాసనమును 2024లో ప్రభుత్వము మారినంతనే రద్దుచేసిరి. విక్టోరియాలో ప్రతిపక్షము కూడ తాము అధికారమునకు వచ్చినచో ఈ శాసనమును రద్దుచేయుదుమని ప్రకటించియున్నది. దానిని నిలుపుటయా, త్రోయుటయా యనునది ఆ రాష్ట్రపు ఓటర్ల చేతిలో నున్నది. ఆ ఓటర్లలో తెలుగువారును కలరు.